మృగశిర కార్తెలో కలకత్తా

గురునాథరావుకి వేడి అంటే లెక్కలేదు. భిలాయి స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషి. కరిగిన ఇనుము ఎర్రగా కాలవ కట్టి పారుతుంటే, దాని పక్కన నిలబడి వేడి టీ తాగుతాడని తోటివాళ్లు చెప్పుకుంటారు. "వేడి సంగతి నాకు చెప్పకండి" అన్నది ఆయన ఊతపదం. ఆ మనిషే వేసవిలో సెక్టర్ 6లోని తన క్వార్టర్ నుంచి గేటు దాకా వెళ్లి పాలప్యాకెట్టు తేవాలంటే మాత్రం, నెత్తికి తువ్వాలు చుట్టి జేబులో ఉల్లిపాయ వేసుకునేవాడు. ఉల్లిపాయ జేబులో ఉంటే వడగాలి తగలదని ఛత్తీస్‌గఢ్ వాళ్లు చెబుతారు. ఫర్నేసు వేడి కంపెనీది, దానికి అలవెన్సు ఉంది, ఎండ వేడి దేవుడిది, ఆయన ఏమీ ఇవ్వడు, అని గురునాథరావు వాదన.

ఆయన భార్య జోగమ్మకి ఒకే ఒక్క కోరిక. కలకత్తా వెళ్లి డబల్ డెక్కర్ బస్సు ఎక్కాలి. కాళీమాత దర్శనం అని పైకి చెప్పేది గాని, అసలు సంగతి బస్సే. అందులోనూ మేడమీద, ముందు అద్దం దగ్గరి సీటు. పెళ్లయిన కొత్తలో శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చినప్పుడు, ఎవరింట్లోనో గోడ క్యాలెండరు మీద ఆ బస్సు బొమ్మ చూసింది. ఎర్రబస్సు. మేడమీద ముందు సీట్లో ఒక ఆడమనిషి కూర్చుని, ఊరంతా తనదే అన్నట్టు చూస్తోంది. రేషను వరసలో, కిరసనాయిలు వరసలో, ఆసుపత్రి వరసలో ఎప్పుడూ ఎవరో ఒకరి వీపు చూస్తూ నిలబడిన జోగమ్మకి ఆ కూర్చున్న తీరు మనసులో పడిపోయింది.

గురునాథరావు కాదనలేదు. ఏనాడూ కాదనలేదు.

"తీసుకెళ్తాను గాని, సీజను చూసుకోవాల కాదేటి" అనేవాడు.

ఆ సీజను చూడడం ఏళ్ల తరబడి సాగింది. ఎండాకాలం అడిగితే, "ఇక్కడే ఇలగ మాడిపోతంటే, రైలెక్కి వెళ్లి మరీ మాడాలేటే" అనేవాడు. చలికాలం అడిగితే, "ఇక్కడే ఇంత హాయిగా ఉంటే, ఈ హాయి ఒగ్గేసి ఎక్కడికెళ్తాం" అనేవాడు. వానాకాలం కలకత్తా నీళ్లలో మునుగుతుంది. దసరాకి జనంలో మునుగుతుంది. అన్నీ పోగా మిగిలిన ఆ కాస్త రోజుల్లో ఫర్నేసు క్యాపిటల్ రిపేరుకి, అంటే పెద్ద మరమ్మతుకి, వచ్చేది. ఫర్నేసు రాకపోతే గురునాథరావు వచ్చేవాడు, ఏ నడుము నొప్పితోనో.

భిలాయిలో ఒక సౌకర్యం ఉంది. దేశంలో ఏ ఊరి సంగతి కావాలన్నా ఆ ఊరివాడు రెండు వీధుల అవతల దొరుకుతాడు. కలకత్తా సంగతికైతే రెండు వీధులు కూడా అక్కర్లేదు. ఎదురు క్వార్టర్లో బిస్వాస్ బాబు ఉన్నాడు. ప్లాంటు లాబొరేటరీలో చేసి, కొడుకు ఉద్యోగం మీద అక్కడే ఉండిపోయిన పెద్దాయన. ఆయన్ని అడిగితే హిందీని గుండ్రంగా తిప్పుతూ చెప్పేవాడు.

"రావ్ బాబూ, కలకత్తాలో చలి మామూలు చలి కాదు. మంకీ క్యాప్ ఉండాలి, మఫ్లరు ఉండాలి, లోపల ఒక స్వెటరు, పైన ఒక స్వెటరు. గంగ మీద గాలి ఎముకలో దూరుతుంది."

చైత్రంలో అడిగినా ఇదే, శ్రావణంలో అడిగినా ఇదే. జోగమ్మ ఒకసారి వాళ్లావిడని కదిపితే అసలు సంగతి తెలిసింది. బిస్వాస్ బాబు కలకత్తా వదిలి బండెక్కింది ఒక పుష్యమాసపు తెల్లవారుజామున. ఆ తర్వాత అన్నదమ్ములతో ఏదో తేడా వచ్చి మళ్లీ అటు వెళ్లలేదు. ఆయన కలకత్తాలో ఆ తెల్లవారుజాము ఇంకా తెల్లవారనే లేదు.

ఇక మేడమీద క్వార్టర్లో కొర్నేలి ఉన్నాడు. కాకినాడ వైపు మనిషి, ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. చర్చి సభలకని ఒకసారి కలకత్తా వెళ్లొచ్చాడు.

"గురన్నా, ట్రాముకి చక్రాలుంటాయంటే నేను నమ్మను. నేనైతే చూళ్లేదు. పడవలాగా నీళ్లమీదే వచ్చింది" అనేవాడు.

ఆయన భార్య లూసీ వెనకనుంచి, "ఉన్నది నాలుగు రోజులు వదినా, నాలుగు రోజులూ వానే. అక్కడ ఎండ కూడా కాస్తుందని ఎవరైనా అంటే ఈయన బైబిలు మీద ఒట్టేసి కాదంటాడు" అనేది.

ఇలా గురునాథరావు ఒక చెవిలో చలీ, ఇంకో చెవిలో వానా పెట్టుకుని, మధ్యలో తన ఎండ చూసుకుంటూ కాలం గడిపేశాడు. సెక్టర్లో ఆడవాళ్లు మాత్రం జోగమ్మని మర్చిపోలేదు. వీధిలో కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరు, "ఏమ్మా, కలకత్తా నుంచి ఎప్పుడొచ్చావు" అని పలకరించేవారు. జోగమ్మ నవ్వి, వంకాయలు ఏరుకునేది.

ఈలోగా జోగమ్మ కుడి మోకాలు తన సీజను తను చూసుకుంది. ముందు కింద కూర్చుంటే లేవనిచ్చేది కాదు. తర్వాత నిలబడితే నడవనిచ్చేది కాదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ వేళ్లతో నొక్కి చూసి, మెట్లెక్కడం మానెయ్యమంది. జోగమ్మ తల ఊపి ఇంటికొచ్చి, ఆ సాయంత్రమే మెట్లెక్కడం మొదలుపెట్టింది. క్వార్టర్ పక్కన మేడమీదికి మెట్లున్నాయి. రోజూ ఒక పట్టు పట్టి, కటకటాల పిడి పట్టుకుని, లూసీ గుమ్మం దాకా ఎక్కేది.

"ఏంటి వదినా" అని లూసీ అడిగితే, "కరివేపాకు ఉందేటి, రెండు రెబ్బలు" అనేది.

కొన్నాళ్లు చూసి లూసీ అంది: "కరివేపాకు చెట్టు మీ పెరట్లోనే ఉంది కదా వదినా. నేనే కిందకొచ్చి మీ దగ్గర కోసుకుంటాను."

జోగమ్మ గుమ్మంలోనే కూలబడి, మోకాలు రాసుకుంటూ, "ఆ బస్సుకి లోపల మెట్లుంటాయమ్మా" అంది. "ఆ మట్టుకు ఇది పని చేస్తే చాలు. తర్వాత దీనిష్టం."

మర్నాటి నుంచి లూసీ వదిన వచ్చే వేళకి గుమ్మంలో ముక్కాలిపీట వేసి ఉంచేది.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా బిస్వాస్ బాబు ఇంటికి కలకత్తా నుంచి మేనల్లుడొచ్చాడు. గురునాథరావు ఇంటికి టీకి పిలిచి ఊరి విశేషాలు అడిగాడు. కుర్రాడు మాటల్లో అన్నాడు, డబల్ డెక్కర్లు బాగా తగ్గిపోయాయని. పాతబడినవి ఒక్కొక్కటీ షెడ్డులో పెట్టేస్తున్నారట. కొత్తవి రావట్లేదట. టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడ్డ జోగమ్మ ఆ మాట వింది. మోకాలు ఒకటే పోతోందనుకుంది. బస్సు కూడా పోతోంది.

కుర్రాడు వెళ్లాక అడిగింది.

"ఏటండీ, ఈ వేసంగిలోనే వెళ్లిపోదుం."

"వేసంగిలో కలకత్తాయా. మతుండే మాటాడుతున్నావేటే. చూద్దుం. సీజను చూసుకుని వెళ్దుం."

మర్నాడు జోగమ్మ కూలర్లో నీళ్లు పోయలేదు.

భిలాయి ఎండలు తెలియనివాళ్లకి ఈ మాట బరువు తెలియదు. కిటికీకి బిగించిన రేకు పెట్టె, మూడు పక్కలా వట్టివేళ్ల ఖస్ తడికెలు, లోపల ఫ్యాను, అడుగున నీళ్ల తొట్టి. తొట్టిలో నీళ్లుంటే తడికె తడిసి, గది మట్టివాసన వేస్తూ చల్లబడుతుంది. నీళ్లు లేకపోతే అది బయటి వడగాలిని లోపలికి తెచ్చి పంచిపెడుతుంది. ఆ తొట్టి నింపేది బకెట్లతో, కుళాయి వచ్చే వేళకి, ఇంటి ఆడవాళ్లు. గురునాథరావు నైటు షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే మనిషి. మధ్యాహ్నం లేచి కూర్చున్నాడు.

"ఏటే, కూలర్లో నీళ్లు లేవు."

"లేవు."

"పొయ్యలేదేటి?"

"సీజను చూసుకుని పోస్తాను" అంది జోగమ్మ వంటింట్లోంచి.

పక్కగదిలో కొడుకు మనోజ్‌కుమార్ చదువుకుంటున్నాడు. భిలాయిలోనే పుట్టి పెరిగిన కుర్రాడు. హిందీలో తిని, హిందీలో నిద్రపోయి, అమ్మ తిట్టినప్పుడు మాత్రమే తెలుగు వినేవాడు. తలుపులోంచి తొంగిచూసి, "పప్పా, అమ్మ టూల్ డౌన్ కర్ దియా" అన్నాడు.

గురునాథరావు యూనియన్ మనిషి. సమ్మె అంటే ఏమిటో తెలుసు. తనే నీళ్లు పోసుకుందామనుకున్నాడు గాని, పొద్దున కుళాయి వచ్చే వేళకి ఆయన ఇంకా ప్లాంటులోనే ఉండేవాడు. పగలు తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. తువ్వాలు అటు తిరిగేలోపల ఆరిపోయింది. నేలమీద పడుకున్నాడు. నేల కూడా ఫర్నేసు నేలలాగే ఉంది, అలవెన్సు మాత్రం లేదు. మనోజ్‌ని పోయమంటే, "నేను స్ట్రైక్ తోడను పప్పా, యే గలత్ బాత్ హై" అన్నాడు, సమ్మె విరగ్గొట్టడం తప్పని.

యాజమాన్యం ఎప్పుడూ ఓడిపోయానని చెప్పదు. పరిస్థితులు పరిశీలించి నిర్ణయం తీసుకున్నామని చెబుతుంది. గురునాథరావు కూడా పరిశీలించాడు. టీవీ వార్తల చివర పెద్ద పెద్ద ఊళ్ల వాతావరణం చెప్పేటప్పుడు కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు.

"విన్నావేటే. కలకత్తాలో ముప్పై ఆరు. మన భిలాయి నలభై ఐదు. పైగా గాల్లో తేమ తొంభై శాతం అంటన్నాడు. తొంభై శాతం తడంటే ఏటో తెలుసా? ఊరు మొత్తానికి కూలరు పెట్టినట్టు."

జోగమ్మకి అనుమానమొచ్చింది. "అది ఉక్క కాదేటండీ?"

"ఉక్క అంటే? స్టీలా?" అన్నాడు మనోజ్.

"స్టీలు ఉక్కురా. ఇది ఉక్క. చెమట పట్టి ఆరకుండా ఉంటాదే, అది."

"చెమట ఆరకుండా ఎలా ఉంటుంది?" అని కుర్రాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. భిలాయి వేసవిలో చెమట ఒంటిమీదికి వచ్చేలోపలే ఆవిరైపోతుంది. వాడు ఎరిగిన చెమట అదొక్కటే.

"అదంతా పాతకాలం ఊసు" అన్నాడు గురునాథరావు. "మన ఊళ్లో ఉక్క ఎందుకుండేది? కూలర్లు లేక. తడి ఉన్న చోట చల్లన ఉంటాది, ఇది సైన్సు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజుకి అక్కడ దిగుదుం. మృగశిరకి చల్లబడిపోద్దని మా నాన్న కూడా అనీవోడు."

జోగమ్మకి కావలసింది చల్లన కాదు. ఆ సాయంత్రం కూలర్లో నీళ్లు పోసింది.

చదువుకునే మనోజ్‌ని ఇంటి దగ్గరే ఉంచి, ప్రయాణానికి గురునాథరావు అన్ని రుతువులూ సర్దుకున్నాడు. బిస్వాస్ బాబు తన మంకీ క్యాప్ చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. కొర్నేలి పెద్ద నల్ల గొడుగు ఇచ్చాడు. ఉల్లిపాయలు ఇంట్లోవే. చివరికి పవర్ హౌస్ పేట బజారుకి వెళ్లి, కొత్త ఖస్ తడికె ఒకటి కొని చాపలా చుట్టి తెచ్చాడు.

"ఇదెందుకండీ?"

"లాడ్జీ వాడి కూలరు ఎలగుంటాదో ఏటో. మన జాగ్రత్త మనది."

హౌరాలో దిగీ దిగగానే గురునాథరావు, "నాకు ఏటో అవుతోందే" అన్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఊపిరి తడిగుడ్డలోంచి పీల్చినట్టుంది. గుండె చూపించుకోవాలేమో అన్నాడు.

"గుండె కాదు, ఉక్క" అంది జోగమ్మ. చిన్ననాటి చుట్టాన్ని స్టేషన్లో గుర్తుపట్టినట్టు అంది.

లాడ్జీలో జోగమ్మ కింద గదే కావాలని పట్టుబట్టింది. మోకాలిలో ఉన్న కాస్త సత్తువ లాడ్జీ మెట్లకి ఖర్చుపెట్టడం ఇష్టం లేదు. గదిలో కూలరు లేదు. ఆ ఊళ్లో ఎక్కడా లేదు. గురునాథరావు జాలిగా నవ్వి, పక్కబట్టల హోల్డాల్ విప్పి, ఖస్ తడికె కిటికీకి అడ్డంగా కట్టాడు. బకెట్టుతో నీళ్లు చల్లాడు. తలుపు మూసి, ఫ్యాను వేసి, మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

కాసేపటికి గోడలకి చెమట పట్టింది. దుప్పటి తడిసింది. అగ్గిపుల్ల గీస్తే తల రాలిపోయింది. ఇడ్లీ పాత్ర లోపల ఇడ్లీకి ఎలా ఉంటుందో జోగమ్మకి అప్పుడు తెలిసింది. గురునాథరావు మాత్రం, "తడి చాల్లేదు" అని ఇంకో బకెట్టు చల్లాడు. లాడ్జీ మేనేజరు వచ్చి తలుపు కొట్టి, తీయగానే మొహానికి తగిలిన ఆవిరికి ఒకడుగు వెనక్కి వేశాడు.

"దాదా, లోపల వంట చేస్తున్నారా? గదుల్లో స్టవ్ వెలిగించకూడదు" అన్నాడు హిందీలో.

"కూలింగ్ చేస్తున్నాను" అన్నాడు గురునాథరావు.

మేనేజరు తడికె కేసీ, ఆయన కేసీ చూసి, "మీది ఏ ఊరు" అని మాత్రం అడిగాడు.

తడికె ఊడదీశాక కూడా గురునాథరావు గది దాటలేదు. పొద్దున ఎండ తగ్గనీ అన్నాడు. సాయంత్రం మబ్బు తొలగనీ అన్నాడు. కాళీమాత దగ్గరికి మాత్రం టాక్సీలో వెళ్లి, దర్శనం చేసుకుని, అదే టాక్సీలో వచ్చారు. దారిలో ఒక డబల్ డెక్కర్ ఎదురొచ్చింది. జోగమ్మ మెడ తిప్పి, అది మలుపు తిరిగేదాకా చూసింది. గురునాథరావు టాక్సీ అద్దం పైకెత్తాడు, ధూళి వస్తోందని.

తిరుగు ప్రయాణం రోజు వచ్చేసింది. సాయంత్రం బండి. మధ్యాహ్నం భోజనం కాగానే జోగమ్మ చీర మార్చుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే? బయట మబ్బేసింది."

"నేను వెళ్తన్నాను. మీరు సీజను చూసుకుని రండి."

గురునాథరావు గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్లాడు. మంకీ క్యాప్ కూడా జేబులో కుక్కుకున్నాడు, ఎందుకైనా మంచిదని. ధర్మతల్లా దగ్గర బస్సులు ఆగే చోట నిలబడ్డారు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, అన్నీ ఒక్క అంతస్తువే. జోగమ్మ ఒక కాలి మీద బరువు వేసి నిలబడింది. ఆకాశం చూస్తుండగానే బొగ్గు రంగుకి తిరిగింది. గాలి లేచింది. దుకాణాల మీద గుడ్డలు ఎగిరాయి. చినుకు పడిందని అనుకునేలోపలే వాన విరుచుకుపడింది. జనం అంతా చూర్ల కిందికి పరుగెత్తారు. గురునాథరావు జోగమ్మ మోచెయ్యి పట్టుకుని ఒక బట్టల కొట్టు చూరు కిందికి లాగాడు.

అప్పుడు వచ్చింది అది. రంగు వెలిసిపోయి, ఒక పక్కకి ఒరిగి, వానలో మూలుగుతూ. క్యాలెండరు మీద ఉన్నంత ఎరుపు లేదు గాని, మేడ ఉంది.

"ఆగవే. వాన వెలిసేక ఎక్కుదుం. ఇంకోటొస్తాది."

"ఇంకోటి రాదండీ" అంది జోగమ్మ. మోచెయ్యి విడిపించుకుని వానలోకి దిగింది.

బస్సు వెనక గుమ్మంలోనే మెట్లు. ఇరుకుగా మెలిక తిరిగి ఉన్నాయి. మీంచి నీళ్లు కారుతున్నాయి. జోగమ్మ రెండు చేతులతో పిడి పట్టుకుంది. ఎడమ కాలు వేసి, కుడికాలు దాని దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ ఎడమకాలు. లూసీ ఇంటి మెట్లు ఇంత ఎత్తు లేవు. మెలిక దగ్గర మోకాలు ఆగిపోయింది. పళ్లు కరుచుకుంది. కింద కండక్టరు గంట తాడు పట్టుకుని, "ధీరే మాషీమా, ధీరే" అన్నాడు, నెమ్మదిగా ఎక్కు పిన్నీ అన్నట్టు. అతను గంట కొట్టలేదు. పైకి వెళ్లేదాకా కొట్టలేదు.

మేడమీద జనం కిక్కిరిసి ఉన్నారు, అందరూ వెనక భాగంలోనే. ముందు అద్దం ఒకటి ఊడిపోయి ఉంది. వాన అందులోంచి నేరుగా లోపలికి కొడుతోంది. ముందు సీటు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. అందులో ఎవరూ లేరు.

జోగమ్మ వెళ్లి అందులో కూర్చుంది. చీర తడిసింది, జుట్టు తడిసింది, కళ్లల్లో నీళ్లు పడ్డాయి. బస్సు కదిలింది. కింద ట్రాములు, వాటి మీద తీగలు, దుకాణాల పైకప్పులు, చూర్ల కింద గుంపులు, అన్నీ ఆమె కాళ్ల కిందనుంచి వెనక్కి పోతున్నాయి. ఆమె ముందు ఎవరి వీపూ లేదు.

గురునాథరావు కోసం ఒకసారి కిందికి చూసింది. అన్నీ నల్ల గొడుగులే. ఏది ఆయనదో తెలియలేదు. తెలియకపోతే ఏమైందని ముందుకి తిరిగింది.

కాసేపటికి మెట్ల మీద ఆయాసం వినిపించింది. గొడుగు తిరగబడి, తామరాకులా విచ్చుకుని ఉంది. చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి. గురునాథరావు వచ్చి పక్కన కూలబడ్డాడు. కదిలే బస్సుని పట్టుకోవడానికి ఎంత దూరం పరుగెత్తాడో ఏమో. వానగాలి మొహం మీద కొట్టింది. ఆయన కొంచెంసేపు వణికి, జేబులోంచి మంకీ క్యాప్ తీసి పిండి, తలకి తొడుక్కున్నాడు.

"చల్లగా ఉందే" అన్నాడు.

"ఊఁ" అంది జోగమ్మ. అటు తిరగలేదు. తిరిగితే ముందున్నది కాస్త పోతుంది.

భిలాయి వచ్చాక గురునాథరావుని అందరూ అడిగారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని చెప్పాడు.

"కలకత్తా వెళ్తే మృగశిరలోనే వెళ్లాల. ఊరు చల్లగా ఉంటాది. మంకీ క్యాప్ మర్చిపోకూడదు. వాన కూడా పద్ధతిగా, మధ్యాహ్నం పూట వస్తాది. బస్సులో ముందు సీటంటారా, అది ఎప్పుడూ ఖాళీయే. మనకోసం ఒగ్గేస్తారు."

చలి మాట రాగానే బిస్వాస్ బాబు, నేను చెప్పలేదా అన్నట్టు చుట్టూ చూశాడు. వాన మాట రాగానే కొర్నేలి తన గొడుగు చువ్వలు సవరిస్తూ తల ఊపాడు. ఇన్నేళ్లకి ముగ్గురికీ మాట కలిసింది. దసరాకి కలకత్తా వెళ్దామనుకున్న పక్క బ్లాకు బంగార్రాజు అక్కడికక్కడే మానేసి, వచ్చే మృగశిరకి వాయిదా వేసుకున్నాడు.

జోగమ్మ మోకాలు బూడిదగుమ్మడిలా వాచింది. మంచం మీద కాలు చాపుకుని కూర్చునే ఉంది. కిటికీ అవతల బకెట్ల చప్పుడు. భిలాయిలో ఇంకా చినుకు పడలేదు. కుళాయి వేళకి ఇంట్లో ఉండేలా గురునాథరావు షిఫ్టు మార్పించుకుని, తొట్టి నింపుతున్నాడు. ఫర్నేసు ముందు కూడా అంత చెమట పట్టలేదని మనోజ్‌తో అంటున్నాడు.

లూసీ కరివేపాకు కోసుకుని లోపలికొచ్చింది. ముక్కాలిపీట లాక్కుని దగ్గరగా కూర్చుంది.

"అన్నయ్యగారి మాట వదిలెయ్ వదినా. నువ్వు చెప్పు. కలకత్తా ఎలా ఉంటుంది?"

జోగమ్మ వాచిన మోకాలు మీద చెయ్యి వేసుకుంది.

"ఎత్తుగా ఉంటాదమ్మా" అంది.